అక్క పాదాలకు నేను తెచ్చిన వెలుగు

సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ చేయకముందే వెలుగును చేసిన దేవునికి స్తోత్రం. మట్టితో మనిషిని చేసి, ఆ మట్టికి నొప్పి తెలిసే గుణం పెట్టిన దేవునికి స్తోత్రం. నొప్పి కూడా ఆయన పెట్టిన కాపలాయేనని, అది లేని ఒళ్లు తలుపు లేని ఇల్లని నాకు ఈ వయసు వచ్చేదాకా తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. తెలిసిన తీరు మాత్రం చేదు. ఆయన్ని స్తుతించే అర్హత నా నోటికి ఇంకా ఉందా అని ఈ మధ్య అనుమానం వస్తోంది. అయినా స్తుతి ఆయనకు రావలసింది, నా అర్హతతో దానికి పనిలేదు. కాబట్టి ముందు అది చెల్లించి, తర్వాత జరిగింది చెబుతాను.

నేను గిద్దలూరులో ఉంటాను, అంగన్‌వాడీలో పనిచేస్తాను. మా పుట్టిన ఊరు రాచర్ల దగ్గర. ఆదివారం ఆటో ఎక్కి అక్కడి గుడికే వెళతాను. ఆ సంఘంలో వాక్యం చదివేదీ, పిల్లలకు సండే స్కూలు నడిపేదీ, శుక్రవారం స్త్రీల ప్రార్థన నడిపించేదీ నేనే. మిషను హాస్టల్లో ఉండి పదో తరగతి చదివాను. తర్వాత ఏడాదిపాటు బైబిలు శిక్షణకు వెళ్లి వచ్చాను. మా పేటలో చాలామంది ఆడవాళ్లకు చదువు రాదు. వాళ్లకు ఏ కాగితం వచ్చినా, మందు చీటీ అయినా, బ్యాంకు నోటీసు అయినా, నా చేతికే వస్తుంది. నేను చదివి చెప్పిందే అందులో ఉన్నట్టు.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. బడి గడప తొక్కలేదు. నాయన పోయాక ఆమె కూలికి పోయింది కాబట్టే నేను హాస్టల్లో ఉండగలిగాను. తర్వాత పెళ్లయింది, కొన్నేళ్లకు బావ పోయాడు. అక్క మాత్రం పని మానలేదు. పత్తి తీతకూ, కంది కోతకూ, మిరపకాయ కోతకూ పోయే ఆడవాళ్ల ముఠాకు ఆమే పెద్ద. ఏ రైతు పొలానికి ఎంతమంది కావాలో ఆమెకే ఫోన్లు వచ్చేవి. పొద్దున్నే పేటలో ఆమె కేక వినబడితే పన్నెండు మంది కొంగు నడుముకు దోపుకుని బయటికి వచ్చేవాళ్లు. నా చదువు ఆమె కాళ్ల మీద నిలబడింది. ఇది పోలిక కోసం అంటున్న మాట కాదు.

ఆమెకు చక్కెర జబ్బు వచ్చి పదేళ్లు దాటింది. రెండేళ్లుగా పాదాల్లో తిమ్మిరి. మొదట చీమలు పాకినట్టుందనేది, తర్వాత చీమలు కూడా పోయాయనేది. ఒకసారి కంది కోత నుంచి ఇంటికి నడిచి వచ్చేసరికి ఒక కాలికి చెప్పు లేదు. ఎదురింటి వదిన చూసి అడిగింది.

"ఏంది వదినా, ఒంటి చెప్పుతో వస్తాండావు? ఇంకోటి యాడ?"

అక్క కిందికి చూసుకుంది. "అదీ నన్నొదిలి పోయిందా! మొగుడు పోతే తెలిసింది గానీ, చెప్పు పోతే తెలియలా" అని పగలబడి నవ్వింది.

నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వకుండా ఆ పాదం తిప్పి అడుగు చూసి ఉంటే బాగుండేది. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఆమెకు ప్రతిసారీ చెప్పేది, పాదాలు రోజూ చూసుకో అని. అక్క నాతో అనేది: "పాదాలు చూసుకుంటా కూచుంటే మిరపకాయలు ఎవరు కోస్తారే?"

ఆ చలికాలంలో నేను ఫోనులో ఒక వీడియో చూశాను. తెల్ల చీర కట్టుకున్న ఒక సహోదరి తన పాదాలు ఎర్రని వెలుగు వచ్చే జోళ్లలో పెట్టుకుని, ఎన్నేళ్ల తిమ్మిరో పోయిందని చెబుతోంది. మాటకు ముందూ వెనకా స్తోత్రం అంటోంది. అది అమ్మేవాళ్ల ప్రకటన అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు స్తోత్రమే వినబడింది. ఆ రాత్రే ఆర్డరు పెట్టేశాను.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది, అది చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక పళ్లెంలో చుట్టిన చీటీలు పెడతారు. ఒక్కొక్కరు వచ్చి ఒకటి తీసుకుంటారు. అందులో ఉన్న వాక్యం ఆ మనిషికి ఆ ఏడాదికి దేవుడిచ్చిన వాగ్దానం. పర్సులో పెట్టుకుంటారు, గోడకు అంటించుకుంటారు. ఆ చీటీలు రాసేది నేనే. డిసెంబరు అంతా బైబిలు ముందేసుకుని తియ్యని వాక్యాలు ఏరుతాను. ఒక వచనంలో ముందు సగం షరతు, వెనక సగం దీవెన ఉంటే, వెనక సగమే రాస్తాను. ముందు సగం రాస్తే చీటీ తీసినవాళ్ల మొహం వాడిపోతుంది. ఆ పళ్లెంలో ఇన్నేళ్లలో ఒక్క హెచ్చరిక కూడా లేదు. నాకు తెలుసు, నేనే కదా రాసింది.

పెట్టె వచ్చిన శనివారం దాన్ని అక్క ఇంటి వసారాలో విప్పాను. పని ముగించి వచ్చిన ముఠా ఆడవాళ్లు చుట్టూ చేరారు. మెత్తని నల్లగుడ్డతో కుట్టిన జోళ్ల జత. వైరు తగిలించి మీట నొక్కితే లోపల వరసగా ఎర్రని చిన్న దీపాలు.

"ఏంది చిన్నక్కా ఇది, కిస్మస్ స్టారు చింపి చెప్పులు కుట్టించినావా?" అంది ఒకామె.

"ఇవేసుకుని పొలానికి పోతే పాములు దారిస్తాయి" అంది ఇంకొకామె.

ఒకరి తర్వాత ఒకరు వంగి ఆ దీపాల్లోకి చూశారు. చూడండి చూడండి, ఎంత వెలుగో అని నేనే అన్నాను. కళ్లలోకి నేరుగా పడనివ్వకూడదని అదే పెట్టెలోని పుస్తకంలో ఉంది. నేను ఇంకా అక్కడిదాకా పోలేదు. అక్క ఆస్పత్రి పాలయ్యేదాకా పోలేదు.

పుస్తకం చిన్నది, ఇంగ్లీషులో ఉంది. అందరూ నా మొహం వైపే చూస్తున్నారు, ఆదివారం వాక్యం తెరిచినప్పుడు చూసినట్టు. నేను గొంతు సవరించుకుని మొదటి పేజీ తెలుగులో చెప్పాను. రక్తం బాగా పారుతుంది, నొప్పీ తిమ్మిరీ తగ్గుతాయి, నిద్ర పడుతుంది, మందు లేదు, సూది లేదు. ఒక్కో మాటకూ అక్క "స్తోత్రం" అంటోంది. రెండో పేజీలో మీటలు ఎలా నొక్కాలో ఉంది. ఒకసారి నొక్కితే పది నిమిషాలు వెలిగి, కూత పెట్టి ఆగిపోతుంది. అదీ చెప్పాను. చివరి పేజీ నిండా చీమంత అక్షరాలు, పైన మూడు మూలల గుర్తు.

"ఇంకా శానా ఉందే, సన్నగా?" ఎదురింటి వదిన వేలు పెట్టి చూపించింది.

"అవి జాగ్రత్తలు వదినా. ఏ డబ్బా మీదైనా ఉంటాయి. కంపెనీవాళ్లు తమ మీదికి రాకుండా రాసుకుంటారు."

"అయినా చదువు, వినిపోతాం."

"అన్నీ చదివితే చీకటి పడుతుంది. వాడేది నేను చూపిస్తా గదా."

వదిన వేలు తీసేసింది. చదువు వచ్చినదాన్ని నేను, ఆమె ఏమంటుంది? నేను పుస్తకం మూసేసి నా బైబిలు కవరులో పెట్టుకున్నాను. దేవుని మాటను ఎలా చదివానో కంపెనీవాడి మాటనూ అలాగే చదివాను. ఇచ్చేది తీసుకున్నాను, అడిగేది వదిలేశాను.

మొదటి రెండు వారాలు అక్క సాయంత్రం పూట ఒక్కసారే, పది నిమిషాలే పెట్టుకునేది. నేను రోజూ ఫోన్ చేసి అడిగేదాన్ని.

"ఎట్లుందక్కా?"

"బాగుందే."

"తిమ్మిరి తగ్గిందా?"

"తగ్గినట్టే ఉంది."

ఆ 'తగ్గినట్టే' నాకు తగ్గిందనే వినబడింది. తర్వాత ఆస్పత్రి మంచం మీద అక్క చెప్పింది: "నువ్వంత ఆశగా అడుగుతా ఉంటే లేదని ఎట్ల చెప్పేది? చిన్నప్పుడు నీకు గౌను తెస్తే నువ్వు బిగుతైనా బాగుందనేదానివి. నేనూ అట్లే అన్యా."

నేను ఆమెను సాక్ష్యం చెప్పమన్నాను. మా సంఘంలో ఆదివారం వాక్యానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. మేలు పొందినవాళ్లు నిలబడి చెప్పాలి. చెప్పకపోతే పొందిన మేలు నిలవదని మా నమ్మకం. అక్క ఇంకా కొన్నాళ్లు చూద్దామంది. "స్తుతికి వాయిదా ఏందక్కా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఆదివారం ఆమె ముసుగు సరిచేసుకుని నిలబడింది. తనకు మాటలు రావంటూనే, దేవుడు తన చెల్లెలి ద్వారా వెలుగు పంపించాడని, చచ్చిన పాదాలకు ప్రాణం వచ్చిందని చెప్పింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, గట్టిగా హల్లెలూయా అన్నారు. చప్పట్లు మోగాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె బాగుపడినందుకా, నా పేరు అందులో వచ్చినందుకా అని ఇప్పుడు నన్ను నేనే అడుగుతున్నాను. జవాబు నాకు తెలుసు.

సాక్ష్యం చెప్పాక వెనక్కి తీసుకోవడం మా దగ్గర లేదు. మళ్లీ నొప్పి ఉందన్నా, బాగాలేదన్నా, శత్రువుకు, అంటే సాతానుకు, చోటిచ్చినట్టు లెక్క. రాసిపెట్టిన నియమం కాదు. అయినా అందరికీ తెలుసు. అక్కకు అందరికంటే బాగా తెలుసు.

తర్వాతి శుక్రవారం ఉపవాస ప్రార్థన, నేను పనికి సెలవు పెట్టి వెళ్లాను. పొద్దున పదింటికి మొదలై మూడింటిదాకా సాగుతుంది. అక్క తన జోళ్లు గుడికే తెచ్చుకుంది. ప్రార్థనకూ వెలుగుకూ కలిపి ఒక్క కూర్చోవడం అయిపోతుందని ఆమె లెక్క. గోడవార చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. అయ్యగారు ప్రార్థన చేసిన కొబ్బరినూనె ఆమె పాదాలకు పట్టించారు. అది మా ఆనవాయితీ. రోగి ఏ మందు వాడుతున్నా పైన ఆ నూనె ఉండాలి. నూనె కారుతున్న పాదాలను ఆమె జోళ్లలో దూర్చింది. కళ్లు మూసుకున్నవాళ్లకు రెప్పల మీద ఎర్రగా వెలుగు పడుతోందని ఒకామె విసుక్కుంది. దాంతో అక్క తను వెంట తెచ్చుకున్న గొంగళిని పాదాల మీద రెండు మడతలు వేసి చుట్టుముట్టూ కూరింది. ఊళ్లో గొర్రెలవాళ్లు కప్పుకునే ఉన్ని గొంగళి అది. చలికీ వానకూ చలించదు. లోపలి వేడిని బయటికి పోనివ్వదు.

పది నిమిషాలకు కూత వినబడింది. ఒకరి ప్రార్థన ముగిసింది, ఇంకొకరిది మొదలైంది. అక్క గొంగళి కిందికి చెయ్యి పెట్టి మళ్లీ నొక్కింది. మళ్లీ కూత, మళ్లీ నొక్కడం. దేవుడే వెలుగైనప్పుడు వెలుగు ఎక్కువైతే తప్పేముంది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ముందు నిలబడి ప్రార్థన నడిపిస్తూ, మధ్యలో కళ్లు తెరిచి గొంగళి అంచు నుంచి కారుతున్న ఆ ఎర్రని గీతను చూసి మురిసిపోయాను. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు నొక్కిందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. మామూలు పాదమైతే మూడోసారికే ఇక చాలని కాలు లాక్కునేది. ఆమె పాదానికి చాలు అనే మాట రాదు.

ఆ రాత్రికే కుడి బొటనవేలి కింద బొబ్బ లేచిందట. పొద్దున చూసుకుంది. ఎవరికీ చెప్పలేదు. పాత చీర గుడ్డ కట్టి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగి, మిరపకాయల కోతకు పోయింది. బొబ్బ పగిలింది. మట్టి పట్టింది. నొప్పి లేదు కాబట్టి తగ్గుతోందనుకుంది. తగ్గకపోతే ఎవరితో చెప్పాలి? సంఘం ముందు లేచిన పాదం అది. నాతో చెప్పాలంటే నేనే కదా ఆమెను లేపి నిలబెట్టింది.

మూడు వారాలు ఆమె గుడిలో తలుపు దగ్గర, అందరి వెనక కూర్చుంది. ఎప్పుడూ ముందు చాప మీద కూర్చునే మనిషి. నేను ఏమనుకున్నానో రాయడానికి సిగ్గేస్తోంది. సాక్ష్యం చెప్పాక వినయం, మా మాటల్లో తగ్గింపు, వచ్చింది అనుకున్నాను.

ఎదురింటి వదిన నుంచి ఫోన్ వచ్చింది.

"చిన్నమ్మీ, నువ్వు ఒకసారి రా. మీ అక్క దగ్గర వాసనొస్తాంది."

"ఏం వాసన వదినా?"

"ఏం వాసన అంటే ఎట్ల చెప్పేది? మంచి వాసన కాదు. కాలు చూపీమంటే తిడతాంది. నువ్వైతే చూపిస్తుందేమో."

నాకూ చూపించలేదు. నేనే బలవంతాన గుడ్డ విప్పాను. ఆమె గోడ వైపు మొహం తిప్పుకుంది. బొటనవేలు, పక్క వేలు నల్లబడి ఉన్నాయి. కింద గుంట.

"ఎన్నాళ్లైందక్కా?"

"ఆ శుక్రవారం కాడ్నుంచి."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే ఏం చేసేదానివి? మళ్లీ నూనె పూసేదానివా?"

ఆమె నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. నేను ఆటో పిలిచాను. గిద్దలూరులో కట్టు మార్చి మార్కాపురం పొమ్మన్నారు. దారంతా అక్క ఒక్కటే అడిగింది, కంది కోతకు లేచి నడుస్తానా లేదా అని. రైతుకు ముఠాను తెస్తానని మాటిచ్చిందట.

మార్కాపురంలో సర్జన్ డాక్టరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఎలా కాలింది అని అడిగాడు. చెప్పాను. ఆ వస్తువు తెమ్మన్నాడు. మర్నాడు తీసుకెళ్లాను. తిప్పి తిప్పి చూసి, దీంతో ఒక కాగితం వచ్చి ఉంటుందే అన్నాడు. నా బైబిలు కవరు జిప్పు తీసి ఇచ్చాను. అతను మొదటి పేజీ చూడలేదు. నేరుగా చివరి పేజీ తిప్పి, వేలు పెట్టుకుని, నాకోసం తెలుగులో చదివాడు.

"పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు, చక్కెర జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు. రోజుకు ఒకసారికి మించి వాడకూడదు. నూనె, క్రీము పూసిన చర్మం మీద వాడకూడదు. పైన దుప్పటి కప్పకూడదు. తీసిన తర్వాత చర్మం చూసుకోవాలి. ఎర్రగా ఉంటే ఆపేయాలి." తలెత్తాడు. "చదువుకున్నదానివేనా అమ్మా?"

"చదువుకున్నదాన్నే సార్."

"మరి?"

ఆ 'మరి' దగ్గరే నేను ఇంకా నిలబడి ఉన్నాను.

"దీపం తప్పు కాదమ్మా" అన్నాడు అతనే, కొంచెం తగ్గి. "నొప్పులకు కొందరికి పనికొస్తుంది, కొందరికి రాదు. కానీ వేడి తెలియని కాలికి, డాక్టరును అడగకుండా, గంటలు గంటలు, నూనె పూసి, ఉన్ని చుట్టి..." మిగతాది అనలేదు. పుస్తకం నా చేతిలో పెట్టి వార్డులోకి వెళ్లిపోయాడు.

రెండు వేళ్లు తీసేశారు. ఎముకదాకా చీము పోయిందన్నారు. మత్తు దిగాక అక్క దుప్పటి కింద పాదం కదిపి చూసుకుంది. "ఎన్ని మిగిలినాయే?" అంది. మూడు అన్నాను. "ముగ్గురు కూలోళ్లతో పొలం పని కాదు" అంది. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఆస్పత్రికి అయ్యగారు ఒకసారి వచ్చారు. ప్రార్థన చేశారు. వెళ్లేటప్పుడు వరండాలో నన్ను పక్కకు పిలిచారు.

"అమ్మా, సాక్ష్యం చెప్పినాక ఆమెలో ఏదో సందేహం వచ్చిందనుకుంటా. లేకుంటే ఇట్ల ఎందుకైతాది? ఆమెతో ఒప్పుకోలు చేయించు."

"అయ్యగారూ, సందేహం కాదు. కాలింది."

"కాలనిచ్చింది ఎవరు? అది చూడాల."

"నేను" అన్నాను. "నేనూ, ఆ గొంగళీ, మీ నూనే."

ఆయన మొహం మాడిపోయింది. వందనాలు కూడా చెప్పకుండా మెట్లు దిగారు. ఆయన మంచివారు. మా పేటలో ఎవరికి జ్వరమొచ్చినా బండి మీద వస్తారు. కానీ ఆ మాటను ఆయన క్షమించలేదు. నేనూ ఆయన మాటను ఇంకా క్షమించలేదు. క్షమించమని ప్రతి ఆదివారం పిల్లలకు నేర్పుతూనే ఉన్నాను.

అక్క ఇంటికి వచ్చిన తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచాను. సంఘంలో ఇంకో రెండు ఇళ్లవాళ్లు నా మాట విని అలాంటివే తెప్పించుకున్నారు, వాళ్లలో ఒకామెకు చక్కెర ఉంది. నేను ఆ చివరి పేజీ తెలుగులో రాసుకుని తీసుకెళ్లాను. రెండు మాటలు చదివానో లేదో, అయ్యగారు చెయ్యెత్తారు.

"అమ్మా, అది సాక్ష్యం కాదు గదా. ప్రకటన. ప్రకటనలు చివర్లో."

కూర్చున్నాను. చివర్లో కల్యాణ ప్రకటన చదివారు, గుడి సున్నం గురించి చెప్పారు. తర్వాత దీవెన చెప్పేశారు. దేవుడు నా అక్క పాదం బాగు చేశాడని చెప్పడానికి ఆ సంఘంలో ఎంత సమయమైనా ఉంది. అది కాలిందని చెప్పడానికి లేదు.

బయట, చెప్పులు విడిచిన చోట, ఒక్కొక్కరినీ ఆపి చదివాను. కొందరు విన్నారు. కొందరు నా భుజం తట్టి వెళ్లిపోయారు. చక్కెర ఉన్న ఆమెతో ఆ వారమే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. అక్కడ డాక్టరమ్మ ఆమె పాదాల మీద సన్నని దారం లాంటిది ఆనించి తెలుస్తోందా అని అడిగింది. నాలుగు చోట్ల తెలియలేదు. ఆమె జోళ్లు పెట్టెలోకి పోయాయి. ఇంకొకామెకు ఏ జబ్బూ లేదు, మడమ నొప్పి మాత్రమే. ఆమె కడిగి తుడిచిన ఒట్టి కాలికి, గడియారం ఎదురుగా పెట్టుకుని, పది నిమిషాలు పెట్టుకుంటుంది. పైన ఏమీ కప్పదు. దీపాలవైపు చూడదు. తన జోళ్లు ఇంకొకరికి ఇవ్వదు. తీశాక పాదం తిప్పి చూసుకుంటుంది. ఆమెకు కొంచెం హాయిగా ఉందట. దేవునికి స్తోత్రం. అంత చిన్న సంగతి అది. అంత చిన్న సంగతిని నేను చెప్పలేకపోయాను.

అక్క ముఠా ఇప్పుడు ఇంకొకామె చేతిలో ఉంది. పొద్దున పేటలో వేరే గొంతు కేకేస్తుంది. ఆ కేకకు అక్క లేచి కూర్చుంటుంది. అందరూ పోయేదాకా కిటికీ దగ్గర ఉండి మళ్లీ పడుకుంటుంది. కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తుంది, గట్ల మీద నడవలేదు. నేను పోయిన నెల ఆమె మంచం పక్కన కూర్చుని, నన్ను క్షమించక్కా అన్నాను. ఏడ్చాను కూడా. ఆమె దుప్పటి పాదాల మీదికి లాక్కుంది.

"క్షమించినానని ఆదివారం లేచి చెప్పమంటావా?" అంది.

"లేదక్కా."

"మరి ఇప్పుడే ఎందుకు అడుగుతాండావు? మానాల కదా ముందు. మానినాక చూద్దాం."

కుడి పాదం మానుతోంది, నెమ్మదిగా. భయం ఎడమదాని గురించి. బరువంతా దాని మీదే పడుతోంది. పోయిన వారం మడమ దగ్గర సన్నని పగులు కనిపించింది. డాక్టరు శుభ్రం చేసి కట్టాడు. అది పోతే ఇంట్లో కూడా నడవలేనని అక్కకు తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు నేను ఆమె ఇంట్లోనే ఉంటున్నాను, అక్కడి నుంచే పనికి పోతున్నాను. పొద్దున్నే ఆమె పాదం నా ఒళ్లో పెట్టుకుంటాను. అద్దం పట్టి అడుగు చూస్తాను. వేళ్ల సందులు చూస్తాను. ఆమెకు తెలియని చోట నేను వేలితో తాకి, "ఇక్కడ?" అంటాను. "లేదు" అంటుంది. "ఇక్కడ?" "లేదు." ఇంకా మా మధ్య అంతకంటే ఎక్కువ మాటలు లేవు.

ఇది చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, మీరు ఏ గుడికి పోయేవాళ్లయినా సరే, నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, ఈ ఎడమ పాదాన్ని మా అక్కకు ఉంచు. అందులో చచ్చిపోయిన నొప్పిని, నీకిష్టమైతే, మళ్లీ పుట్టించు. ఆమె అబ్బా అని అరిచేది మేము వినాలి. నీ పేరు చెప్పి తొందరపడిన నా నోటిని అదుపులో పెట్టు. నన్ను క్షమించమని ఆమెను తొందరపెట్టకు. ఆమె పాదం మానేదాకా నన్ను కాచుకుని ఉండనివ్వు. మీరూ ఆమేన్ అనండి. నా గొంతు ఒక్కటే చాలదని నాకు అనుమానం.